వరుసమాటలు: వర్ని ఆయకట్టులో, ఇంగ్లీషులో

ఒకదాని వెనుక ఒకటి వచ్చేవాటిలో ఏది ఎక్కడ ఉందో చెప్పే మాటలు వరుసమాటలు. మొదటి, రెండో, తర్వాతి, కిందటి, ఆఖరి, వంతు, విడత, వారసుడు వంటివన్నీ ఈ కోవలోకి వస్తాయి. వీటిలో అంకెతో ఏర్పడేవాటిని సంస్కృత వ్యాకరణం పూరణార్థకాలు అంటుంది. మూడు అనే లెక్కను పూర్తి చేసేది తృతీయం, నాలుగును పూర్తి చేసేది చతుర్థం. చాలా లోతైన చూపు ఇది. లెక్క పూర్తి కావాలంటే అది ఎక్కడో ఒకచోట మొదలై ఉండాలి. ఇంగ్లీషు వరుసమాటలతో తెలుగువాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ‘ఎక్కడి నుంచి లెక్క’ అని అడిగితే విడిపోతాయి.

నిజామాబాద్ జిల్లా వర్ని మండలం ఈ విషయాన్ని చూడడానికి తగిన చోటు. మంజీర నది మీద 1923-31 మధ్య కట్టిన నిజాంసాగర్ ఆనకట్ట కాలువ ఈ పల్లెలకు నీళ్లు తెచ్చింది. 1937లో పుట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ చెరకును తెచ్చింది. కాలువ వెంట కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు వేసుకుని స్థిరపడ్డారు. రెవెన్యూ రికార్డు నిజాం కాలం నుంచి ఉర్దూ మాటలతో నడిచింది. అందుకే ఇక్కడ ఒక్క పంటకాలానికే ఎన్నో పేర్లున్నాయి. ఊరివాళ్లు వానకాలం, యాసంగి అంటే గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లు సార్వా, దాళ్వా అంటారు. పాత పహాణీలో వరికి ఆబీ, తాబీ అని ఉంటుంది. వ్యవసాయ శాఖ ఖరీఫ్, రబీ అంటుంది. ఇంగ్లీషు నివేదికలు ఫస్ట్ క్రాప్, సెకండ్ క్రాప్ అని తేల్చేస్తాయి. మిగతా పేర్లు కాలాన్ని చెబుతున్నాయి. ఇంగ్లీషు పేర్లలో కాలం లేదు, వరుస ఒక్కటే ఉంది. వానకాలం బీడు పెట్టి యాసంగి మాత్రమే వేసిన పొలంలో ఆ ఏడు పండిన ఒకే ఒక్క పంటను సెకండ్ క్రాప్ అనాల్సి వస్తుంది. రికార్డు పంచాంగం నుంచి లెక్కిస్తోంది, పొలం నుంచి కాదు.

ఇంగ్లీషు మాటల పుట్టుక

ఇంగ్లీషులో ఫస్ట్ అంటే అందరికన్నా ముందున్నది అని మూలార్థం. వన్‌తో దానికి సంబంధం లేదు. సెకండ్ లాటిన్‌లోని అనుసరించడం అనే ధాతువు నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, అంటే వెంట వచ్చేది అని అర్థం. అంతకుముందు పాత ఇంగ్లీషులో రెండోదాన్ని అదర్ అనేవారు. ఎవ్రీ అదర్ డే అన్న పలుకుబడిలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. అది మన దినం విడిచి దినం. గడియారంలోని సెకను కూడా ఇదే మాట. గంటను మొదటిసారి విభజిస్తే నిమిషం, రెండోసారి విభజిస్తే సెకను.

నెక్స్ట్ అంటే అసలు అన్నింటికన్నా దగ్గరిది. లాస్ట్ అంటే అన్నింటికన్నా ఆలస్యమైనది. క్యూ అనే మాటకు ఫ్రెంచిలో అర్థం తోక. ఆర్డర్ లాటిన్‌లో బారు, పంక్తి. అది ఇంగ్లీషులోకి వచ్చి వరుస, పద్ధతి, ఆజ్ఞ అన్నీ అయింది. ఫ్యాక్టరీ ఆడిన రోజుల్లో చెరకు రైతు ఎదురుచూసిన కటింగ్ ఆర్డర్‌లో రెండు అర్థాలూ కలిసే ఉన్నాయి. కోయమనే ఆజ్ఞా అదే, ఎవరి తోట తర్వాత ఎవరిది అనే వరుసా అదే.

సక్సీడ్ అనే క్రియ దగ్గర మరింత జాగ్రత్త కావాలి. వెంట రావడం, గెలుపు సాధించడం రెండింటికీ అదే మాట. సక్సెస్‌ఫుల్ అంటే గెలిచిన, సక్సెసివ్ అంటే వెంటవెంట వచ్చిన, సక్సెషన్ అంటే వారసత్వం. మూడు ఏళ్లు సక్సెసివ్ క్రాప్స్ తీశారని రాయాల్సినచోట సక్సెస్‌ఫుల్ అని పడితే నష్టపోయిన రైతు కాగితం మీద లాభం చూసినట్టవుతుంది.

ఒకటో, మొదటి, అవ్వల్

తెలుగులో అంకెకు అవ గాని ఓ గాని చేరిస్తే వరుస వస్తుంది: మూడవ, మూడో. ఒకటి దగ్గర మాత్రం మనకు రెండు మాటలున్నాయి. ఒకటో తరగతి, ఒకటో తారీఖు, ఒకటో నంబరు తూము అంటాం. మొదటి కాన్పు, మొదటి తడి, మొదటి బహుమతి అంటాం. ఒకటో అనేది గుర్తుకోసం వేసిన అంకె, మొదటి అనేది నిజంగా ముందు వచ్చినదాన్ని చెప్పేది. ఇంగ్లీషుకు ఈ తేడా చూపే విడి వరుసమాటలు లేవు. అక్కడ రెండూ ఫస్టే. అయితే గుర్తు మాత్రమే అయినప్పుడు ఇంగ్లీషు అంకెను పేరు వెనుకకు నెట్టి క్లాస్ వన్, ప్లాట్‌ఫామ్ వన్ అంటుంది. నిజాంసాగర్ డిస్ట్రిబ్యూటరీలను రైతులు డి-1, డి-2 అని పిలవడం ఈ పద్ధతే. ఆనకట్ట నుంచి కిందికి వచ్చేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. అంకె పెద్దదైతే నీళ్లు అందే వంతు కూడా వెనకబడుతుందని ఆయకట్టు రైతుకు విడిగా చెప్పనక్కర్లేదు.

వరుస కొన్నిసార్లు కాలాన్ని గాక హోదాను చెబుతుంది. సాలార్ జంగ్ సంస్కరణలతో హైదరాబాద్ రాజ్యంలో జిల్లాలు ఏర్పడ్డాక జిల్లా పెద్ద అధికారి అవ్వల్ తాలూక్‌దార్, ఆయన కింద దోయం తాలూక్‌దార్, సోయం తాలూక్‌దార్ ఉండేవారు. ఇవి ఫారసీ, అరబీ మాటలు: మొదటి, రెండో, మూడో. ఇంగ్లీషు నివేదికల్లో వీరే ఫస్ట్ తాలూక్‌దార్, సెకండ్ తాలూక్‌దార్, థర్డ్ తాలూక్‌దార్ అయ్యారు. నేటి చదువరి ఆ కాగితం చూసి ఫస్ట్ తాలూక్‌దార్ అంటే జిల్లాకు తొట్టతొలి అధికారి అనుకునే ప్రమాదం ఉంది. జిల్లాకు వచ్చిన పదో అధికారి కూడా అవ్వల్ తాలూక్‌దారే.

ఇంగ్లీషుకు బొత్తిగా లేని మాట ఒకటి మన దగ్గర ఉంది: ఎన్నో. ఎందరో, ఎన్నెన్నో అనే అర్థంలో కాదు, వరుసలో ఎక్కడిది అనే అర్థంలో. ఎన్నో తరగతి, ఎన్నో సంతానం, ఎన్నో విడత అని పిల్లలు కూడా అడగగలరు. దీన్ని ఇంగ్లీషులోకి నేరుగా తెచ్చే దారి లేదు. కాలువ గట్టు మీద ‘ఇది ఎన్నో తడి?’ అంటే ‘నాలుగోది’ అని జవాబు వస్తుంది. అదే ప్రశ్న ఇంగ్లీషులో అడగాలంటే ఇప్పటిదాకా ఎన్ని తడులు ఇచ్చారని అడగాలి. జవాబు మూడు అని వస్తుంది, ఎందుకంటే నాలుగోది ఇంకా నడుస్తూ ఉంది. రెండు జవాబులూ నిజమే. తర్జుమా చేసేవాడు గమనించకపోతే ఆ ఏడు యాసంగి లెక్కలో ఒక తడి తేడా వస్తుంది. ఇంగ్లీషు ఇన్ని శతాబ్దాలు ఈ చిన్న మాట లేకుండా గడిపిందంటే ఆశ్చర్యమే.

లెక్క మొదలయ్యే చోటు

చెరకు నాటిన ఏడాది వచ్చేది మొక్క తోట. నరికాక మోడు నుంచి మళ్లీ పెరిగేది కార్శి, ఇంగ్లీషులో రటూన్. స్పానిష్‌లో చిగురుకున్న పేరే ఆ మాటకు మూలం. విత్తనపు ముచ్చెల ఖర్చు, నాటు కూలి మిగులుతాయి కనుక రైతు ఒకటి రెండు కార్శిలైనా తీసుకుంటాడు. ఒకప్పుడు వర్ని మండలంలోనే ఉండి ఇప్పుడు విడి మండలమైన రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. చెరకు శాస్త్రవేత్తలు తమ పట్టికల్లో ప్లాంట్ క్రాప్, ఫస్ట్ రటూన్, సెకండ్ రటూన్ అని రాస్తారు. ఇక్కడ ఫస్ట్ రటూన్ అంటే అదే దుబ్బు నుంచి వచ్చే రెండో కోత, సెకండ్ రటూన్ అంటే మూడో కోత. తెలుగు లెక్కా ఇదే కనుక రైతుకు తికమక లేదు. కోతల లెక్క, కార్శిల లెక్క వేరని తెలియని గుమాస్తాకే చిక్కు.

మేడల దగ్గర ఇదే తంతు ఊరూరా కనిపిస్తుంది. బ్రిటన్‌లో, మన దగ్గర నేల మీది అంతస్తు గ్రౌండ్ ఫ్లోర్, దాని పైది ఫస్ట్ ఫ్లోర్. అమెరికాలో నేల మీదిదే ఫస్ట్ ఫ్లోర్. బోధన్ నుంచి వెళ్లి డల్లాస్‌లో దిగిన కుర్రవాడు సెకండ్ ఫ్లోర్ అని రాసి ఉన్న చోటికి వెళ్లాలంటే ఒక్క అంతస్తు ఎక్కితే చాలు.

రాజుల వరుసలో ఈ సంగతి ఇంకా స్పష్టం. మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ను ఏడో నిజాం అంటాం, ఇంగ్లీషులో ఆసఫ్ జా ద సెవెంత్. గద్దె ఎక్కినవాళ్లందరినీ లెక్కిస్తే ఆయన పదోవాడు. మొదటి ఆసఫ్ జా 1748లో చనిపోయాక నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ వరుసగా అధికారంలోకి వచ్చారు. ఆసఫ్ జా బిరుదు వాళ్లకు లేదు. 1762లో వచ్చిన నిజాం అలీఖాన్‌తో రెండో అంకె పడింది. అంటే ఇక్కడ లెక్కించినది బిరుదును, మనుషులను కాదు. ఇంగ్లాండులో కూడా 1272లో రాజైన ఎడ్వర్డ్‌ను మొదటి ఎడ్వర్డ్ అంటారు. ఆయనకన్నా ముందే ఆ పేరుతో ముగ్గురు ఏలారు. వాళ్లను ఎల్డర్, మార్టిర్, కన్ఫెసర్ అనే బిరుదులతో గుర్తుపెట్టుకున్నారు. 1066 నాటి నార్మన్ విజయం తర్వాత వచ్చినవాళ్లకే అంకెలు వేయడం ఆనవాయితీ అయింది.

లాస్ట్, నెక్స్ట్, వరుసగా

ఇంగ్లీషు లాస్ట్ ఒక్కటే అయినా తెలుగులో దానికి కనీసం రెండు వేరువేరు చోట్లున్నాయి. లాస్ట్ ఇయర్ అంటే పోయినేడు. ద లాస్ట్ డే అంటే ఆఖరు రోజు. ఒకటి ఇప్పటికి దగ్గరి గతం, మరొకటి ఇక తర్వాత ఏమీ లేని ముగింపు. మాటకు ముందు ద ఉందా లేదా అన్నది చాలాచోట్ల దారి చూపుతుంది గాని అన్నిచోట్లా కాదు.

బోధన్ ఫ్యాక్టరీ సంగతి చూస్తే ఇది ఎంత బరువైన తేడానో అర్థమవుతుంది. 2002లో ఫ్యాక్టరీలో ప్రభుత్వ వాటాను తగ్గించి ప్రైవేటు సంస్థతో కలిపారు. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు, గానుగ ఆగిపోయింది. ఆగకముందు నడిచిన క్రషింగ్ సీజన్‌ను ఇంగ్లీషులో ద లాస్ట్ క్రషింగ్ సీజన్ అని రాస్తే అది ఇటీవలి సీజన్ అనా, మరి ఇక లేని సీజన్ అనా? తిరిగి తెరవాలని అడుగుతున్న రైతుకు, కార్మికుడికి ఈ రెండింటి మధ్య తేడా అతి ముఖ్యం. ఆశను నిలుపుకుంటూ రాయాలంటే మోస్ట్ రీసెంట్ అనాలి, ముగిసిందని చెప్పాలంటే ఫైనల్ అనాలి. లాస్ట్ అని వదిలేయడం న్యాయం కాదు. తెలుగులో ‘కిందటిసారి ఆడినప్పుడు’ అంటే మళ్లీ ఆడుతుందన్న మాట అందులోనే ఉంది, ‘ఆఖరుసారి ఆడినప్పుడు’ అంటే లేదు.

నెక్స్ట్‌కు ఇలాంటి చిక్కు వారాల దగ్గర వస్తుంది. సోమవారం నాడు ఒకరు నెక్స్ట్ ఫ్రైడే అంటే ఇంకా నాలుగు రోజులకు వచ్చే శుక్రవారమా, దాని పైదా అని ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్లే తగవు పడతారు. మనం ఈ శుక్కురారం, పై శుక్కురారం అని విడదీస్తాం. మన రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి ముందు ఇంగ్లీషు చాలా పేదది. రేపు దాటితే అది పదబంధం కట్టుకోవాల్సిందే.

ముందు, వెనుక అనే మాటలు మాత్రం రెండు భాషల్లోనూ మెలికలే. ముందు జరిగింది అంటే గతం, ముందుముందు జరిగేది అంటే భవిష్యత్తు. ఇంగ్లీషు బిఫోర్‌కు కూడా ఇదే గతి. పూర్వం అనే అర్థమూ ఉంది, ఎదుట అనే అర్థమూ ఉంది. సమావేశాన్ని రెండు రోజులు ఫార్వర్డ్ చేశామంటే త్వరగానా, ఆలస్యంగానా అన్నదాని మీద ఇంగ్లీషువాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఆ లోటును మన దేశపు ఇంగ్లీషు ప్రీపోన్ అనే మాటతో తీర్చుకుంది. చక్కగా పుట్టిన మాట అది, దాన్ని తప్పు అనడం సరికాదు.

తెలుగులో ఒకే మాట ఇంగ్లీషులో రెండుగా చీలే చోటూ ఉంది. ‘వరుసగా మూడు రోజులు నీళ్లు వదిలారు’ అంటే మధ్యలో తెగకుండా అని, ఇంగ్లీషులో కన్సెక్యూటివ్. ‘వర్ని, కోటగిరి, రుద్రూర్‌లకు వరుసగా సోమ, మంగళ, బుధవారాలు’ అంటే ఏది దేనికో జత కుదర్చడం, ఇంగ్లీషులో రెస్పెక్టివ్‌లీ. కాలువ నీళ్ల వంతుల మీద వచ్చే ప్రకటనలను ఇంగ్లీషు చేసేటప్పుడు ఇది ఎక్కువగా తప్పుతుంది. వారబందీ పద్ధతిలో ఒక కాలువకు నీళ్లు ఆపి మరో కాలువకు వదులుతారు. అప్పుడు ఆల్టర్నేట్ అనాలి, ఇన్ టర్న్ అనాలి, కన్సెక్యూటివ్ అనకూడదు.

విరాసత్

పట్టాదారు చనిపోతే భూమి వారసుల పేరుకు మారడాన్ని తెలంగాణ రెవెన్యూ వాడుకలో విరాసత్ అంటారు, చావు వల్ల జరిగిన మార్పు కనుక ఫౌతి అని కూడా అంటారు. 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలయ్యాక కంప్యూటర్ తెర మీద ఆ పనికి సక్సెషన్ అనే ఇంగ్లీషు పేరు వచ్చి చేరింది. ధరణి పోయి భూభారతి వచ్చినా ఆ మాట పోలేదు.

ఇంగ్లీషులో రాసిన చట్టం వరుసమాటలను ఎంత పకడ్బందీగా వాడుతుందో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చూస్తే తెలుస్తుంది. వీలునామా లేకుండా చనిపోయిన మగవాని ఆస్తి ఎవరికన్నది ఎనిమిదో సెక్షన్ చెబుతుంది. ముందుగా ఒకటో తరగతి వారసులకు, వాళ్లు లేకపోతే రెండో తరగతి వారికి, వాళ్లూ లేకపోతే పూర్తిగా మగవారి ద్వారా చుట్టరికం ఉన్న దాయాదులకు, చివరగా మిగతా రక్తబంధువులకు. ఇక్కడ ఫస్ట్‌లీ, సెకండ్‌లీ అన్నవి వంతులు కావు. కాలువలో మొదటి వంతు వాడుకున్నాక రెండోవాడికి కొంత నీరు దిగుతుంది. ఈ చట్టంలో మొదటి తరగతిలో ఒక్కరున్నా రెండో తరగతికి ఏమీ దిగదు. ఇక ఒకటో తరగతి లోపల వరుసే లేదు. తల్లి, భార్య, కొడుకులు, కూతుళ్లు అందరూ ఒకేసారి తీసుకుంటారని తొమ్మిదో సెక్షన్ సైమల్టేనియస్‌లీ అన్న మాటతో చెబుతుంది. పెద్దకొడుకు అయినందుకు ముందు హక్కు రాదు, జాబితాలో కొడుకు మాట ముందున్నందుకు కూతురు వెనక్కి పోదు. రెండో తరగతికి వచ్చేసరికి మళ్లీ వరుస మొదలవుతుంది. అక్కడ మొదటి పద్దులో ఉన్నవాళ్లు ఉంటే రెండో పద్దువాళ్లకు రాదు. ఒకే చట్టంలో వరుస ఉన్నచోటు, లేనిచోటు ఇంత పక్కపక్కనే ఉన్నాయి. బోధన్‌లో గణనీయంగా ఉన్న ముస్లిం కుటుంబాలకు వర్తించే హనఫీ న్యాయంలో పద్ధతి వేరు. నిర్ణీత వాటాదార్లు తమ భాగం తీసుకున్నాక మిగిలింది శేషహక్కుదార్లకు పోతుంది. అది కాలువ వంతుకు దగ్గరగా ఉంటుంది.

భూమి పంచుకున్నాక సర్వే నంబరు చీలుతుంది. తెలంగాణలో ఆ బై నంబర్లకు తెలుగు అక్షరాలే పెట్టారు: 123/అ, 123/ఆ, 123/ఇ, 123/ఈ. ఇంగ్లీషు రికార్డులో ఇవి ఏ, డబుల్ ఏ, ఈ, డబుల్ ఈ అయ్యాయి. తెలుగు అక్షరమాల ఎరిగినవాడికి ఇది సాఫీ వరుస. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఆ కాగితం చూసే బ్యాంకు అధికారికి ఏ తర్వాత బీ, సీ, డీ ఏమయ్యాయన్న అనుమానం వస్తుంది. ఏ ముక్కా మాయం కాలేదు. ఆ ‘ఈ’ ఇంగ్లీషులోని ఐదో అక్షరం కాదు, మన మూడో అక్షరమైన ‘ఇ’. తహశీల్ కాగితాలతో ఇతర రాష్ట్రాల్లో పని పడినవాళ్లు ఈ సంగతిని ముందే చెప్పడం మంచిది.

పెద్ద, నడిపి, చిన్న

నిజామాబాద్ పల్లెల్లో అన్నదమ్ములకు ఒకే పేరు పెట్టి వరుసతో వేరు చేయడం పాత ఆచారం. పెద్ద గంగారాం, నడిపి గంగారాం, చిన్న గంగారాం అని ఓటర్ల జాబితాల్లో, పహాణీల్లో ఇప్పటికీ కనిపిస్తారు. నడిపి అనే మాటకు ఇంగ్లీషులో సరైన జోడు లేదు. ఇద్దరైతే ఎల్డర్, యంగర్ అంటారు, ఇద్దరికి మించితే ఎల్డెస్ట్, యంగెస్ట్. మధ్యవాడికి మిడిల్ అనాలి. తండ్రీకొడుకులకు ఒకే పేరుంటే సీనియర్, జూనియర్ అంటారు. అన్నదమ్ములకు ఆ మాటలు వాడరు.

ఈ వరుసలు కాగితాల మీద పేరులో భాగమైపోయాయి కనుక ఫారాల దగ్గర శ్రద్ధ కావాలి. ఇంగ్లీషు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని అడిగేది రాసే వరుసను బట్టి కాదు. ఫస్ట్ నేమ్ అంటే పెట్టిన పేరు, లాస్ట్ నేమ్ అంటే ఇంటిపేరు. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం కనుక మన మొదటి మాట వాళ్ల లాస్ట్ గడిలోకి వెళ్లాలి. నిజామాబాద్ జిల్లా నుంచి వేలమంది గల్ఫ్‌కు పోతారు. వారిలో పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లున్నారు. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని ప్రకటించినప్పుడు ఈ ఖాళీ గడి పెద్ద సమస్య అయింది. పెద్ద, నడిపి, చిన్న అన్నవి ఇంటిపేర్లు కావు, వాటిని ఆ గడిలో నింపకూడదు. అలాగని ఇంగ్లీషు చేసి మిడిల్ అని రాయకూడదు, ఎందుకంటే మిడిల్ నేమ్ అనే మరో గడి వేరే ఉంది. ఆ మాట పెట్టిన పేరుతోనే, పట్టా పుస్తకంలో ఉన్న స్పెల్లింగుతోనే వెళ్లాలి. లేకపోతే రేపు విరాసత్ దరఖాస్తు పెట్టినప్పుడు ముగ్గురిలో ఎవరి వారసుడన్నది మళ్లీ రుజువు చేసుకోవాల్సి వస్తుంది.